సంబంధం ఫోటోకి రెండు స్టాపులు

ఆ రోజుల్లో మా తిరువూరులో మనిషికి రెండు రంగులుండేవి. ఒకటి పుట్టుకతో వచ్చింది, రెండోది మా స్టూడియోలో ఇచ్చింది. (ఇప్పుడు మూడోది కూడా వచ్చింది, ఫోనులో వేలితో పక్కకి జరిపితే వచ్చేది. దాని గురించి మాట్లాడే ఓపిక నాకు లేదు.) ఆ రోజుల్లో అంటే తాతలనాటి మాట కాదు. రీలు కెమెరాలు అటకెక్కి, డిజిటల్ కెమెరాలు కొత్తగా మెడల్లోకి వచ్చిన కాలం. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నా, పెళ్ళి సంబంధానికి మాత్రం స్టూడియోలో తీయించుకున్న ఫోటోనే పంపాలన్న పట్టింపు ఇంకా పోలేదు. ఆ పట్టింపు మీదే మా స్టూడియో బతికింది, నేను జీతం తీసుకున్నాను, చివరికి నా తలా నేనే బద్దలు కొట్టుకున్నాను. ఇన్నేళ్ళ తర్వాత నవ్వుతూ చెబుదామని కూర్చున్నాను గానీ, నవ్వు మధ్యలో ఎక్కడైనా పంటికింద రాయి తగిలితే మీరు ఏమీ అనుకోవద్దు.

డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షలు రెండుసార్లు రాశాను. రెండుసార్లూ హాల్ టికెట్టు మీద తప్ప ఇంకే జాబితాలోనూ నేను కనబడలేదు. ఇంట్లో కూర్చుంటే అమ్మ చూపులు తట్టుకోలేక, బస్టాండు ఎదురుగా మేడ మీదున్న స్టూడియోలో పనికి చేరాను. ఆడపిల్ల కెమెరా పట్టుకుని ఎదుటివాళ్ళ మొహాలు చూడటమేంటని అమ్మ వారం రోజులు సణిగింది. నాన్న బస్సు కండక్టరు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను చూసేవీ మొహాలే కదా, నాకేమైంది అని ఆయన ఒక్కమాట అనేసరికి అమ్మ ఊరుకుంది. స్టూడియో యజమానిని ఊరంతా లైటు బాబాయి అనేవాళ్ళు. రైతులు వాన గురించి మాట్లాడుకున్నట్టు ఆయన వెలుతురు గురించి మాట్లాడేవాడు. ఈ పూట వెలుతురు బాగా పడిందనేవాడు, నిన్న అసలు లేదనేవాడు.

ఎక్స్‌పోజరంటే ఏంటని మొదటిరోజే అడిగాను. అన్నం వండటం వచ్చా అని ఎదురడిగాడు. వచ్చన్నాను. (అబద్ధం. మా ఇంట్లో నాకు పొయ్యి అప్పగించేవాళ్ళు కాదు, గిన్నెల మీద జాలితో.) అయితే ఇంకేం, నీకు సగం వచ్చేసినట్టే అని మొదలుపెట్టాడు. మంట ఎంత పెట్టావన్నది అపర్చరు, అంటే వెలుతురు లోపలికి రావడానికి లెన్సు కన్ను ఎంత తెరిచామన్నది. ఎంతసేపు ఉంచావన్నది షట్టరు, ఆ కన్ను ఎంతసేపు తెరిచి ఉంచామన్నది. బియ్యం కొత్తవా పాతవా అన్నది ఐ.ఎస్.ఓ. కొత్తబియ్యం చిన్న మంట మీదే గబుక్కున ఉడికిపోతాయి గానీ మెతుక్కి మెతుకు అంటుకుని అన్నం ముద్దవుతుంది. ఐ.ఎస్.ఓ. పెంచితే ఫోటో కూడా అంతే, వెలుతురు చాలకపోయినా పని జరిగిపోతుంది గానీ మొహమంతా రవ్వరవ్వగా వస్తుంది. ఈ మూడూ ఒకదానికొకటి చూసుకుని సర్దుకోవడమే విద్య. మంట తగ్గిస్తే ఎక్కువసేపు ఉంచాలి, మంట పెంచితే త్వరగా దించాలి. అంతా చెప్పి, చివర్న వేలు చూపిస్తూ అన్నాడు.

"పలుకుంటే మళ్ళీ పొయ్యెక్కించుకోవచ్చమ్మాయ్. జావైపోయాక మాత్రం మళ్ళీ బియ్యం చెయ్యలేవు. గుర్తెట్టుకో."

అంటే ఫోటో కాస్త చీకటిగా వచ్చినా కంప్యూటర్లో పైకి లాగొచ్చు, నీడలో మొహం తాలూకు ముక్కూచెవీ ఎక్కడో దాక్కుని ఉంటాయి. వెలుతురు ఎక్కువై తెల్లగా కాలిపోయిన చోట మాత్రం ఏమీ మిగలదు, లాగడానికి. నేనిదంతా నోటుబుక్కులో రాసుకున్నాను, కింద గీత కూడా గీసుకున్నాను. కింద గీత గీసిన మాటలే నా జీవితంలో మొదట మర్చిపోయే మాటలని అప్పటికి తెలియదు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు. కెమెరా లోపల వెలుతురు కొలిచే మీటరొకటి ఉంటుంది. దానికి ఎదురుగా సున్నం కొట్టిన గోడ ఉన్నా, బొగ్గుబస్తా ఉన్నా ఒకటే, అన్నిటినీ కలిపి చామనఛాయకి తెద్దామని చూస్తుంది. అందుకే తెల్లచీరని దాని ఖర్మానికి వదిలేస్తే బూడిదరంగుకి దిగిపోతుంది, నల్లకోటు బూడిదరంగుకి ఎక్కుతుంది. తెలుపుకి పైకి, నలుపుకి కిందికి మనమే చూసుకుని దిద్దాలి. నాకు ఆ మీటరంటే మొదటినుంచీ గౌరవం. మా చుట్టుపక్కల నాలుగు మండలాల్లో అందరినీ చామనఛాయగా చూడటానికి సిద్ధపడింది అదొక్కటే.

తెలుపుకి పైకి, నలుపుకి కిందికి అన్నది శాస్త్రం. మా స్టూడియో శాస్త్రం వేరు. మెట్లెక్కి ఎవరొచ్చినా బాబాయి మొదట అడిగేది "ఏ పని మీదండీ?" అనే. పరీక్ష దరఖాస్తుకంటే ఉన్నదున్నట్టు. బ్యాంకు పాసుబుక్కుకంటే ఉన్నదున్నట్టు, పైగా నవ్వొద్దని హెచ్చరిక. సంబంధానికి అంటే మాత్రం, వచ్చినవాళ్ళు ఏ రంగువాళ్ళైనా సరే, రెండు స్టాపులు పైకి. ఒక స్టాపు పెంచడమంటే వెలుతురు రెట్టింపు చెయ్యడం. రెండు స్టాపులంటే నాలుగు రెట్లు. నాలుగు రెట్లు వెలుతురు మొహం మీద పడ్డాక, రెండు లైట్లు దగ్గరికి లాగాక, మామిడి తోటలో పుట్టి పెరిగిన వాడు కూడా ఏసీ గదిలో పుట్టినవాడిలా వచ్చేవాడు. కంప్యూటర్లో తెలుపు పూయడం బాబాయికి ఇష్టం ఉండేది కాదు, అది మోసమనేవాడు. (కెమెరాలోనే చేస్తే వృత్తి.) ప్రింటు వెనక పెన్సిలుతో చిన్నగా "సం +2" అని గుర్తు వేయడం రీలు కాలం నుంచీ ఆయన అలవాటు. అదే మనిషి మళ్ళీ వస్తే మళ్ళీ అదే రంగులో రావాలి కదా. నేను చేరాక ఆ గుర్తు వేసే పని నాది. ఎంతమందికి వేశానో లెక్కలేదు. ఒక్కరోజు కూడా తప్పనిపించలేదు. నేనూ కాస్త నలుపే, మరి కాస్త కూడా కాదు, బాగానే నలుపు. అయినా అనిపించలేదు.

వానాకాలం మొదట్లో రెడ్డిగూడెం నుంచి ఒకాయన వచ్చాడు. కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది, ఎ.కొండూరు వైపు ఏదో ఊళ్ళో పోస్టింగు. బాబాయి లేడు, నేనే ఏ పని మీదని అడిగాను. ఆయన గొడుగు చివర నుంచి కారే నీళ్ళని చూస్తూ, సంబంధానికండి అన్నాడు, మా అమ్మకి నచ్చేలా తీయాలన్నాడు. మనిషి నల్లగా, పొడుగ్గా, నవ్వితే పన్ను మీద పన్ను కనబడుతూ బాగున్నాడు. ఉన్నదున్నట్టు తీసినా బాగుండేవాడని ఇప్పటికీ అనుకుంటాను. స్టూడియో ధర్మం ప్రకారం రెండు పెంచాను. మర్నాడు ఫోటోలు తీసుకోవడానికి వచ్చి, కవరులోంచి ఒకటి బయటికి లాగి, వెనక్కి తిప్పి చూసి, "రెండు మార్కులేనా అండి నాకు?" అన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఆ గుర్తు అర్థం చెప్పాల్సి వచ్చింది, దాని కోసం అన్నం, మంట, కొత్తబియ్యం అన్నీ చెప్పాల్సి వచ్చింది. ఆయన మధ్యలో ఆపి ఆపి అడిగాడు, పిల్లలకి సైన్సు పాఠంలో చెప్పుకుంటానన్నాడు. అయితే ఈ ఫోటోలో ఉన్నది నేను కాదన్నమాట అన్నాడు. మీరేనండి, కాకపోతే నాలుగు రెట్లు అన్నాను. మరి మీ ఫోటో ఎప్పుడైనా ఇలా తీశారా అని అడిగితే, నాకెందుకండీ, నేనుండేది కెమెరా వెనక అన్నాను. ఆ తర్వాత ఆయన పాస్‌పోర్టు సైజు ఫోటోలకని ఒకసారి, స్కూలు పిల్లల గ్రూపు ఫోటోకి ఎంతవుతుందో కనుక్కోవడానికని ఒకసారి వచ్చాడు. ఆ గ్రూపు ఫోటో ఎప్పుడూ తీయించలేదు. ఎందుకొచ్చాడో నాకర్థమైందని నాకు నేను నమ్మకంగా చెప్పుకున్నాను. మెట్ల మీద ఎవరి చెప్పుల చప్పుడైనా వినబడితే లేచి జుట్టు సర్దుకునే జబ్బు ఆ నెలలోనే పట్టుకుంది.

అలాంటి రోజుల్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా పాస్టరమ్మగారు మా ఇంటికొచ్చారు. మా సంఘంలో సగం పెళ్ళిళ్ళు ఆవిడ బైబిలు సంచీలోంచే బయటికొచ్చాయి. ఆవిడ ఒక ఫోటో తీసి టీపాయి మీద పెట్టారు, రెడ్డిగూడెం అబ్బాయి, టీచరు, భక్తిగల కుటుంబం. అమ్మ ఫోటో చూసి, అబ్బో ఎర్రగా ఉన్నాడే అంది. నేను వెనక్కి తిప్పి చూశాను. సం +2. నా చేతిరాతే నాకు సంబంధం తెచ్చింది. ఆయన నాకు తెలుసని మాత్రం ఇంట్లో చెప్పలేదు. ఆడపిల్ల అబ్బాయి తెలుసంటే, తర్వాత వచ్చే పది ప్రశ్నలకీ జవాబు చెప్పాలి.

డిగ్రీ చదివిందని మాత్రం చెప్పండి, స్టూడియో పని సంగతి ఎత్తొద్దని అమ్మ పాస్టరమ్మగారికి ముందే చెప్పింది. నా ఫోటో ఒకటి కావాలన్నారావిడ. అక్కడ చెడింది. మామూలుగా ఫోన్లో తీసి ఇచ్చినా సరిపోయేది, ఆయన చూడగానే స్టూడియో అమ్మాయేనని పట్టేసేవాడు. కానీ నాకు ఆయన కాదు, వాళ్ళ అమ్మ గుర్తొచ్చింది. మా అమ్మకి నచ్చేలా తీయండి అన్న మాట చెవిలోనే ఉంది. మర్నాడు బాబాయి భోజనానికి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేసి, తెల్లగుడ్డ ముందు స్టూలేసుకుని, కెమెరాని స్టాండు మీద బిగించి, పది సెకన్ల టైమరు పెట్టాను. బటను నొక్కి స్టూలు దాకా పరిగెత్తి, పమిట సర్దుకుని, దవడ కిందికి దించి, సిగ్గుపడుతున్నట్టు చూడాలి, పది సెకన్లలో. మొదటిసారి నా వీపు వచ్చింది. రెండోసారి సగం చెవి, స్టూలు. మూడోసారి రెండు స్టాపులు పెంచి తీస్తే చాలా బాగా వచ్చింది. చిన్న తెర మీద చూసుకుంటే మంచి ఎండపొడలో నిలబడ్డ నేనే, పై పెదవి పక్కన పుట్టుమచ్చతో సహా. అక్కడితో ఆగొచ్చు. ఆగితే నేను నేనెందుకవుతాను? ఊళ్ళో అందరికీ రెండు ఇచ్చే చెయ్యి నాది, నాకు నేను ఒకటి ఎక్కువిచ్చుకుంటే ఎవరడుగుతారు అనుకుని మూడుకి పెంచాను. ఎనిమిది రెట్లు.

బాబాయి తిరిగొచ్చి ఆ ఫోటోని కంప్యూటర్లో చాలాసేపు చూశాడు. అందులో నా ముక్కు లేదు, రెండు ముక్కు రంధ్రాలు మాత్రం ఉన్నాయి. పుట్టుమచ్చ పోయింది. చీర అంచు జరీ పోయింది. మెడ ఎక్కడ అయిపోయి తెల్లగుడ్డ ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ఆయన ఒక్కమాటే అన్నాడు, "జావ." నాకు కోపం వచ్చింది. నా సొంత ఖర్చుతో ప్రింటు వేయించుకుని, వెనకాల అలవాటు కొద్దీ "సం +3" అని రాసి, పాస్టరమ్మగారి చేతిలో పెట్టాను. వారం తిరక్కుండా చాలా నచ్చింది, ఆదివారం వస్తున్నారని కబురొచ్చింది. చాలా నచ్చిందన్నది వాళ్ళ అమ్మగారికట. అబ్బాయి చూశాడా అని అడిగితే, చూసి ఏమీ అనలేదు, వాళ్ళమ్మ ఇష్టమన్నాడు, మంచి పిల్లవాడు అన్నారు పాస్టరమ్మగారు. నాకప్పుడే గుండెలో ఏదో కలుక్కుమనాల్సింది. సిగ్గుతో చెప్పలేదేమోలే అనుకున్నాను.

ఆదివారం వచ్చారు. అబ్బాయి, వాళ్ళ అమ్మ, వెంట పాస్టరమ్మగారు. నేను ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో తలొంచుకుని కూర్చున్నాను. ఏ పనైనా ప్రార్థనతో మొదలవ్వాలి కాబట్టి పాస్టరమ్మగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ ఆదాము ఒంటరితనం దగ్గర మొదలుపెట్టి వస్తున్నారు, మా దాకా రావడానికి టైము పడుతుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను మెల్లగా ఒక కన్ను తెరిచి చూశాను. ఆయన రెండు కళ్ళూ తెరిచే ఉన్నాడు. చేతిలో నా ఫోటో ఉంది. దాన్ని చూసి, నన్ను చూసి, ఫోటోని వెనక్కి తిప్పాడు. పెన్సిలు గుర్తు దగ్గర ఆగిపోయాడు. తలెత్తి ఈసారి నా వైపు సరిగ్గా చూశాడు. పన్ను మీద పన్ను కొంచెం కనబడింది. గుర్తుపట్టాడు. నేను కన్ను మూసుకుని ఆమెన్ అన్నాను, అందరికంటే చాలా ముందు.

అసలు ఆమెన్ అయ్యాక వాళ్ళ అమ్మగారు చీర సర్దుకుని, "అమ్మాయిని పిలవండి మరి" అన్నారు.

ఎవరూ కదల్లేదు. పాస్టరమ్మగారు నవ్వడానికి ప్రయత్నం చేసి, ఈ అమ్మాయేనండి అన్నారు. ఆవిడ నన్ను కింది నుంచి పై దాకా చూశారు. కొడుకు చేతిలోంచి ఫోటో లాక్కుని నా మొహం పక్కన పెట్టినట్టుగా పట్టుకుని చూశారు. చెల్లెలు ఎవరైనా ఉందా అని అమ్మనడిగారు. లేదని అమ్మ నేలకి చెప్పింది. లైటింగు వల్ల కాస్త తేడా వస్తుందండీ అని పాస్టరమ్మగారు సర్దబోయారు. అప్పుడన్నారు ఆవిడ, మర్యాదగానే, గొంతు పెంచకుండా. "తేడా ఎందుకొస్తుందండీ? మావాడి ఫోటో మీరు చూశారుగా. ఎలా ఉన్నవాడు అలాగే వచ్చాడు, ఎర్రగా."

అందరం మావాడి వైపు చూశాం. మావాడు కుర్చీలో ఉన్నాడు, రెడ్డిగూడెం ఎండలన్నీ తాగిన మొహంతో. ఆవిడ మాత్రం చూడలేదు, చూడాల్సిన అవసరం లేదు, ఆవిడకి ఫోటో ఉంది. గురివింద గింజ తన నలుపెరగదంటారు, ఆ సామెతలో గురివింద గింజకి ఫోటో తీసిపెట్టినవాళ్ళ ఊసు లేదు. తీసిపెట్టింది నేను. మీవాడికి రెండు, నాకు మూడు, తేడా ఒక్కటేనండి అన్న మాట నా నాలిక చివర దాకా వచ్చింది. నాన్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపారు. నేను ఆయన వైపు చూశాను, అబ్బాయి వైపు. ఒక్కమాట చాలు. ఈవిడ నాకు తెలుసమ్మా, నా ఫోటో తీసింది ఈవిడే, నీ కొడుకు నాలుగు రెట్లమ్మా అంటే చాలు. ఆయన ప్లేటులో మిక్చరులోంచి పల్లీలు ఒక్కొక్కటే ఏరుకుంటున్నాడు. ప్లేటులో ఉన్న పల్లీలన్నీ అయ్యేదాకా తలెత్తలేదు. నేను లెక్కపెట్టలేదు గానీ, చాలా పల్లీలే ఉన్నాయి.

వాళ్ళు వెళ్ళేటప్పుడు ఫోటో టీపాయి మీదే వదిలేశారు. మా వైపు దానర్థం అందరికీ తెలుసు, వేరే కబురు పంపక్కర్లేదు. అమ్మ వంటింట్లోకి వెళ్ళి గిన్నెలతో మాట్లాడటం మొదలుపెట్టింది. నాన్న ఆ ఫోటోని తీసుకుని కిటికీ దగ్గర చాలాసేపు చూశారు. ఆయనది నా రంగే, అంటే నాది ఆయన రంగు. బస్సుల్లో తిరిగి తిరిగి ఇంకొంచెం ముదిరింది. వాళ్ళ గురించి ఏమైనా అంటారేమోనని ఎదురుచూశాను. ఆయన వాళ్ళ ఊసే ఎత్తలేదు.

"నా రంగు నీకు నచ్చలేదామ్మా?" అన్నారు.

వాళ్ళ అమ్మగారి మాటకి రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఏ జవాబు చెప్పినా అబద్ధమే అవుతుంది, ఆయన చేతిలో రుజువుంది. ఆయన ఫోటోని బల్ల సొరుగులో పెట్టి, డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయారు. ఆ ఆదివారం ఆయనకి డ్యూటీ లేదు.

నెల తర్వాత మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. (జుట్టు సర్దుకున్నాను. జబ్బులు అంత త్వరగా పోవు.) ఆయనే. పాత ఫోటో ఇంకో నాలుగు కాపీలు కావాలన్నాడు. ఎందుకని అడగాల్సిన ప్రశ్న అడగలేదు, నాలుగు కాపీలు ఎందుకో చిన్నపిల్లలకైనా తెలుసు. ప్రింట్లు కోసి కవరులో పెడుతుంటే కౌంటరు అంచు పట్టుకుని నిలబడి, ఎవరూ లేకపోయినా గొంతు తగ్గించి అన్నాడు.

"ఫోటోలో ఉన్నది మీరని తెలీలేదండి. తెలిసుంటే ముందే అమ్మకి చెప్పుకునేవాణ్ణి. నిజంగానండి."

నిజమే చెప్పాడని నాకు తెలుసు. అదే నా దురదృష్టం. నన్ను నన్నుగా చూసి మూడుసార్లు మెట్లెక్కిన మనిషికి నేను కనబడకుండా నేనే చేసుకున్నాను, ఎనిమిది రెట్లు వెలుతురు పోసి. కానీ ఆ పల్లీలు కూడా నా కళ్ళముందే ఉన్నాయి.

"గదిలో తెలిసింది కదండీ" అన్నాను.

ఆయన కవరు తీసుకున్నాడు, చిల్లర తీసుకోకుండా మెట్లు దిగాడు. నాలుగు కాపీల వెనకా నేను గుర్తు వేశాను, సం +2, నాలుగుసార్లు. అందులో ఏదో ఒకటి ఫలించిందనీ, పెళ్ళికూతురి ఫోటో ఎలా ఉందో తెలియదు గానీ మనిషి చక్కనిదనీ పాస్టరమ్మగారు తర్వాత చెప్పారు. నాకు ఫోటో అడగకుండా పెళ్ళి కుదరడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. మా స్టూడియోలో ఇన్వర్టరు బాగుచేయడానికి వచ్చిన మనిషి, కరెంటు లేనప్పుడు నన్ను మొదటిసారి చూశాడు. అంతకంటే తక్కువ ఎక్స్‌పోజరు ఉండదు.

బాబాయి పోయాక స్టూడియో నేనే నడుపుతున్నాను. ఎవరొచ్చినా ఏ పని మీదని అడగడం మానేశాను. ఉన్నదున్నట్టు తీస్తానని ముందే చెబుతాను, సగంమంది పక్క స్టూడియోకి పోతారు. పోనీండి. మొన్న నేను నాన్న బల్ల సొరుగు సర్దుతుంటే ఆ ఫోటో దొరికింది. ఇన్నేళ్ళూ ఆయన పారేయలేదు, మళ్ళీ ఆ మాటా ఎత్తలేదు. కంప్యూటరులో పెట్టి, ఇప్పుడున్న సరంజామా అంతా వాడి కిందికి లాగి చూశాను. బాబాయి చెప్పిందే నిజం, ముక్కూ రాలేదు, పుట్టుమచ్చా రాలేదు, తెలుపు కాస్తా బూడిదయ్యింది. జావలో బియ్యపు గింజ కోసం వెతికినట్టుంది. ఒకటి మాత్రం కాలిపోకుండా మిగిలింది. పరిగెత్తుకొచ్చి స్టూలెక్కిన ఆయాసంలో పెదవులు కొంచెం విడిపడి ఉన్నాయి, ఆ మధ్య సన్నటి నల్లగీత. సిగ్గు నటించడానికి టైము చాలక, ఇంకో క్షణంలో అంతా బాగైపోతుందన్న నమ్మకంతో నవ్వేసింది పిచ్చిమొహం. దాన్ని తిట్టాలనే కూర్చున్నాను. అంత దూరం పది సెకన్లలో పరిగెత్తిందే అనిపించి ఊరుకున్నాను.